షికాగో సౌత్ సైడ్‌లో చదువుకోవడానికి వెళ్తున్నాను. నల్లజాతివాళ్ళ గురించి సీనియర్లు చెప్పేది నిజమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎం.ఎస్. సీటు వచ్చింది, ఆగస్టులో షికాగో వస్తున్నారు, కానీ సీనియర్ల వాట్సాప్ గ్రూపులో "35వ వీధి దాటి పోకండి, ట్రైన్‌లో నల్లోళ్ళు అరుస్తుంటారు, వాళ్ళ కల్చరే అంత, ఊరిని కూడా వాళ్ళ రాజకీయాలే ముంచేశాయి" అని చదివి మీకూ, ఇంట్లో మీ అమ్మగారికీ టెన్షన్ మొదలైంది. ఇందులో ఎంత నిజం అని అడిగారు.

సూటిగా చెప్తాను. రాత్రిపూట జాగ్రత్త అవసరం, ఆ ఒక్క మాట నిజం. "వాళ్ళ కల్చరే అంత" అన్నది అబద్ధం. ఆ పేటల్లో మీకు కనబడబోయే ఖాళీ స్థలాలు, మూతపడ్డ బడులు, రేకులు దించేసిన దుకాణాలు చాలావరకు సిటీ హాల్లోనూ బ్యాంకుల్లోనూ కూర్చుని కావాలని తీసుకున్న నిర్ణయాల ఫలితం. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

ముందు నేనెవరో చెప్పాలి. వరంగల్‌లో బి.ఫార్మసీ చదివాను. 2004 నుంచి 2023 దాకా సౌత్ సైడ్‌లోని చాతమ్ అనే పేటలో, 79వ వీధి దగ్గర, ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా చేశాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళు దాదాపు అందరూ నల్లజాతివాళ్ళే. బీపీ, షుగర్ మందుల కోసం నెలనెలా వచ్చే మనుషుల్ని పంతొమ్మిదేళ్ళు చూస్తే వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళు, చావులు, ఉద్యోగాలు, ఓట్లు, కోపాలు అన్నీ తెలుస్తాయి. నేను వెళ్ళినప్పుడు నా బుర్రలో కూడా ఇప్పుడు మీ గ్రూపులో ఉన్న మాటలే ఉండేవి.

మొదటి సంగతి పలకరింపు. సౌత్ సైడ్‌లో షాపులోకి అడుగుపెట్టినా, లిఫ్ట్ ఎక్కినా, ఇంటి మెట్ల మీద కూర్చున్న పెద్దాయన ముందునుంచి నడిచినా పలకరించాలి. గుడ్ మార్నింగ్ అంటే చాలు, లేదా కళ్ళు కలిపి తల కొంచెం ఊపినా చాలు. మన పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తల దించుకుని గబగబా పోతారు. అక్కడివాళ్ళ కంటికి అది పొగరు. మన ఊళ్ళో అరుగు మీద కూర్చున్న తాతగారిని చూడనట్టు పోతే "ఎవరబ్బాయిరా వీడు" అంటారు కదా, అదీ సంగతి. ఈ అలవాటు వాళ్ళు మిసిసిపి, అలబామా, ఆర్కన్సా పల్లెల నుంచి మూటల్లో కట్టుకుని తెచ్చుకున్నది. సుమారు 1916 నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లజాతివాళ్ళు దక్షిణాది పొలాలు వదిలి ఉత్తరాదికి, పడమరకి వలస వచ్చారు. షికాగోలో 1910లో 44 వేల మంది ఉన్నవాళ్ళు 1980 నాటికి 12 లక్షలకు దగ్గరయ్యారు. మా షాపుకి వచ్చే ముసలమ్మలు నన్ను "బేబీ" అని పిలిచేవాళ్ళు. మొదట్లో వింతగా ఉండేది. కొన్ని నెలలకి తెలిసింది, అది మన "అమ్మా", "తల్లీ" లాంటిది.

దీనికే సంబంధించి నేను చేసిన తప్పొకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మందులు రెడీ అయ్యాక కంప్యూటర్లో ఉన్న పేరు చూసి ఒక పెద్దావిడని మొదటి పేరుతో గట్టిగా పిలిచాను. ఆవిడ ఎదురుగా కుర్చీలోనే ఉంది, లేవలేదు. మళ్ళీ పిలిచాను. లేవలేదు. చెవుడేమో అనుకున్నాను. నా పక్కన పనిచేసే అమ్మాయి వెళ్ళి "మిస్" అని చేర్చి పిలిచింది, ఆవిడ నవ్వుతూ లేచి వచ్చింది. మందులు తీసుకుంటూ నాతో ఒకే మాట అంది: మా అమ్మని జీవితాంతం తెల్ల పిల్లలు కూడా పేరు పెట్టే పిలిచారు, నేను షికాగో వచ్చింది అది వినకుండా ఉండడానికి. 

ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దక్షిణాదిలో తెల్లవాళ్ళు నల్లజాతి మనిషికి ఎంత వయసున్నా మిస్టర్, మిసెస్ అని చేర్చేవాళ్ళు కాదు, అది రాయని చట్టం. 1963లో అలబామా కోర్టులో మేరీ హామిల్టన్ అనే పౌరహక్కుల కార్యకర్తని ప్రాసిక్యూటర్ "మేరీ" అని పిలిస్తే, మిస్ హామిల్టన్ అంటేనే జవాబిస్తానని కూర్చుంది. కోర్టు ధిక్కారం కింద జైలు, 50 డాలర్ల జరిమానా వేశారు. 1964లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షని కొట్టేసింది. ఒక్క "గారు" కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళారన్నమాట. మన దగ్గర ఎవరిని గారు అంటామో, ఎవరిని వయసు చూడకుండా ఒరేయ్ అంటామో, ఆ లెక్క తెలిసిన తెలుగువాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కాబట్టి మీరు అక్కడ పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మేమ్, సర్ అనండి, మిస్ అని చేర్చి పిలవండి. మీ మీద వాళ్ళ చూపే మారిపోతుంది.

ఇక "అరుస్తారు" అన్న మాట. అవును, గట్టిగా మాట్లాడతారు. అందరూ కాదు, కానీ మెట్రో ట్రైన్‌లో, సెలూన్లో, బస్టాపులో గొంతు పైకే ఉంటుంది. కోపం వేరు, గొంతు వేరు. ఒకసారి మా షాపులో క్యూలో ఇద్దరు మగవాళ్ళు ఒకరి మీద ఒకరు ఎగిరెగిరి పడుతుంటే నేను భయపడి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నా పక్కమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. వాళ్ళు చిన్నప్పటి స్నేహితులు, ఒకడి ఫుట్‌బాల్ టీమ్‌ని ఇంకొకడు తిడుతున్నాడు, రెండు నిమిషాల్లో ఇద్దరూ పగలబడి నవ్వుతూ బయటికి పోయారు. ఆ రోజు నేను పోలీసులకి ఫోన్ చేసి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే ఆ ఊళ్ళో నల్లజాతి మగవాడి మీద పోలీసులకి వెళ్ళే ఫోన్ మామూలు ఫోన్ కాదు. 2014 అక్టోబర్లో లక్వాన్ మెక్‌డొనాల్డ్ అనే 17 ఏళ్ళ అబ్బాయిని ఒక పోలీసు 16 సార్లు కాల్చాడు, వీడియో బయటికి రావడానికి 13 నెలలు పట్టింది, అదీ కోర్టు ఆదేశిస్తే. మీరు ఫోన్ తీసే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకో మాట. వాళ్ళ చర్చిలో పాస్టర్ మాట్లాడుతుంటే జనం నోరు మూసుకుని కూర్చోరు, మాటమాటకీ జవాబిస్తారు, లేచి నిలబడతారు, చప్పట్లు కొడతారు. బుర్రకథలో వంతలు లేకుండా కథకుడు ఒక్కడే చెప్తే ఎలా ఉంటుందో, వాళ్ళకి జవాబు లేని ప్రసంగం అలా ఉంటుంది. వినడమంటే పలకడం. ఆ అలవాటు సినిమా హాల్లోకీ, ట్రైన్‌లోకీ వస్తుంది. గాస్పెల్ అనే నల్లజాతి చర్చి సంగీతానికి తండ్రి అనిపించుకున్న థామస్ డోర్సీ పాటల బృందాన్ని నడిపిన పిల్‌గ్రిమ్ బాప్టిస్ట్ చర్చి మీ క్యాంపస్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, 33వ వీధి, ఇండియానా అవెన్యూ మూల మీద ఉంది. 2006లో తగలబడిపోయి రాతి గోడలు మిగిలాయి, అయినా వెళ్ళి చూడండి.

అదే మెట్రోలో, రెడ్ లైన్ అనే మార్గంలో నడిచే ట్రైన్‌లో ఉత్తరం వైపు ఎండాకాలంలో ఒక్కసారి వెళ్ళండి. రిగ్లీ ఫీల్డ్‌లో బేస్‌బాల్ మ్యాచ్ అయ్యాక ఆడిసన్ స్టేషన్లో తాగి ఊగుతూ, పాడుతూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ ఎక్కే తెల్లవాళ్ళని చూడండి. "తెల్లవాళ్ళ కల్చరే అంత" అని ఏ గ్రూపులోనూ ఎవరూ రాయరు. మన పెద్ద హీరో సినిమా విడుదల రోజు ఇక్కడి థియేటర్లలో మనవాళ్ళు కాగితాలు చింపి విసిరి, ఊడవకుండా వెళ్ళిపోతే థియేటర్ వాళ్ళు ఏమనుకుంటారో కూడా ఆలోచించాలి. కొంతమంది చేసిన పని జాతి మొత్తానికి అంటించడం అన్నది కొందరి విషయంలోనే జరుగుతుంది.

నిజానికి పబ్లిక్‌లో ఎలా మసలాలి అన్న గొడవ నల్లజాతివాళ్ళ మధ్య వందేళ్ళుగా నడుస్తోంది, బయటివాళ్ళు వచ్చి చెప్పాల్సిన పని లేదు. షికాగో డిఫెండర్ అని 1905లో రాబర్ట్ ఆబట్ పెట్టిన పత్రిక ఉండేది. రైళ్ళలో పనిచేసే పుల్‌మన్ పోర్టర్లు దాన్ని రహస్యంగా దక్షిణాదికి చేరవేసేవాళ్ళు, అది చదివే వేలమంది మూటాముల్లే సర్దుకున్నారు. అదే పత్రిక, అర్బన్ లీగ్ అనే నల్లజాతివాళ్ళ సంక్షేమ సంస్థ కలిసి కొత్తగా వచ్చినవాళ్ళకి సలహాలు అచ్చేసేవి: ట్రాముల్లో గట్టిగా మాట్లాడొద్దు, ఇంట్లో కట్టుకునే బట్టలతో వీధిలోకి రావద్దు, ఇంటి ముందు శుభ్రంగా ఉంచుకోండి. అంటే పాతకాపులు కొత్తవాళ్ళని చూసి పరువు పోతోందని బాధపడ్డారు. మన ఊరి నుంచి పట్నం వెళ్ళిన మొదటి తరం కూడా వెనక వచ్చిన బంధువులకి ఇలాగే నేర్పింది.

మరి మర్యాద నేర్చుకుంటే ఒరిగిందేమిటి? 1919 జులై 27న యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ళ కుర్రాడు మిషిగన్ సరస్సులో 29వ వీధి దగ్గర స్నేహితులతో తెప్ప మీద ఆడుకుంటున్నాడు. నీళ్ళలో గీత లేదు, కానీ అటు తెల్లవాళ్ళ వైపు, ఇటు నల్లవాళ్ళ వైపు అని అందరికీ తెలిసిన గీత ఉంది. తెప్ప అటు కొట్టుకుపోయింది. ఒడ్డు నుంచి ఒక తెల్లవాడు రాళ్ళు విసిరాడు, పిల్లాడు మునిగి చనిపోయాడు. పోలీసు అరెస్టు చెయ్యనన్నాడు. తర్వాత వారం రోజులు అల్లర్లు, 38 మంది చనిపోయారు, అందులో 23 మంది నల్లజాతివాళ్ళు. ఆ కుర్రాడు అరవలేదు, కొట్లాడలేదు, ఈత కొడుతున్నాడు. ఆ చోటు మీ హాస్టల్ నుంచి సైకిల్ మీద పావుగంట కూడా పట్టదు.

మా చాతమ్ కథా అలాంటిదే. మహాలియా జాక్సన్ పేరు వినే ఉంటారు, గాస్పెల్ పాటలకి ప్రపంచమంతా చేతులెత్తి దండం పెట్టిన గాయని. 1956లో ఆవిడ చాతమ్‌లో ఇల్లు కొనుక్కుంటే కిటికీల మీద తుపాకీ కాల్పులు జరిగాయి. ఆవిడకన్నా మర్యాదస్తురాలు ఎవరున్నారు? పదేళ్ళు తిరిగేసరికి తెల్లవాళ్ళు ఇళ్ళమ్ముకుని వెళ్ళిపోయారు, టీచర్లు, పోస్టాఫీసు ఉద్యోగులు, బస్సు డ్రైవర్లు అయిన నల్లజాతి కుటుంబాలు ఆ పేటని అద్దంలా ఉంచారు. ఇప్పటికీ సౌత్ సైడ్ వీధుల మొదట్లో బ్లాక్ క్లబ్, అంటే వీధివాళ్ళ సంఘం, పెట్టిన బోర్డులు కనబడతాయి. ఆ వీధివాళ్ళే డబ్బులేసుకుని పెట్టినవి: గట్టిగా పాటలు పెట్టరాదు, వీధిలో కారు కడగరాదు, గుంపులుగా నిలబడరాదు, పచ్చిక మీద బంతాట ఆడరాదు. ఇంత కచ్చితంగా రాసి పెట్టిన బోర్డు నేను శివార్లలోని మన తెలుగువాళ్ళ కాలనీల్లో ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు ఊరి రాజకీయాలు. ఇక్కడ మీ సీనియర్లు చెప్పినదాంట్లో తప్పు ఇంకా పెద్దది, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మీ క్యాంపస్ నేల నుంచే మొదలుపెడదాం. మీరు ఫొటోలు దిగబోయే క్రౌన్ హాల్, మీస్ వాన్ డెర్ రో కట్టిన గాజు భవనం, 1956లో పూర్తయింది. అది నిలబడ్డ చోట అంతకుముందు మెక్కా ఫ్లాట్స్ అనే పెద్ద అపార్ట్‌మెంట్ ఉండేది. వందల మంది నల్లజాతి కుటుంబాలవాళ్ళు అందులో కాపురం ఉండేవాళ్ళు, ఖాళీ చెయ్యమంటే ఏళ్ళ తరబడి పోరాడారు. 1952లో కూలగొట్టారు. ఆ పేట పేరు బ్రాంజ్‌విల్, అప్పట్లో బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, జాజ్ క్లబ్బులు, పత్రికలు అన్నీ నల్లజాతివాళ్ళవే ఉన్న ఊరిలో ఊరు.

వాళ్ళు అంత ఇరుగ్గా ఒకే చోట ఎందుకున్నారు అంటే వేరేచోట ఇల్లు ఇచ్చేవాళ్ళు కాదు కనుక. ఇంటి దస్తావేజులోనే "నల్లజాతివాళ్ళకి అమ్మరాదు" అని రాసేవాళ్ళు, 1948లో సుప్రీంకోర్టు ఆ షరతులు కోర్టుల్లో చెల్లవనేదాకా. 1930ల నుంచి వాళ్ళుండే పేటల చుట్టూ మ్యాపుల్లో ఎర్ర గీత గీసి, అక్కడ గృహరుణాలకి ప్రభుత్వం హామీ ఇవ్వలేదు. ఇంటి వివక్షని నిషేధించే చట్టం 1968లో వచ్చింది, అదీ పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత వారంలో. అద్దెకి ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు కులం అడిగే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం, దీన్ని మనకన్నా బాగా ఎవరు అర్థం చేసుకుంటారు?

తర్వాత సిటీ ప్రభుత్వ ఇళ్ళు కట్టింది. మంచి పనే. కానీ తెల్లవాళ్ళ వార్డుల్లో స్థలం ఇవ్వడానికి అక్కడి ఆల్డర్మన్లు, అంటే మన కార్పొరేటర్ల లాంటివాళ్ళు, ఒప్పుకోలేదు. దాంతో అన్నీ తెచ్చి స్టేట్ స్ట్రీట్ పొడుగునా నిలబెట్టారు. రాబర్ట్ టేలర్ హోమ్స్ ఒక్కటే 28 భవనాలు, ఒక్కొక్కటి 16 అంతస్తులు, 4 వేలకు పైగా ఫ్లాట్లు, 1962లో పూర్తయ్యాయి. పక్కనే 14 లేన్ల హైవే గోడలా వచ్చింది. స్థలాలు జాతి చూసే ఎంచారని 1969లో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చాడు, కానీ అప్పటికే ఇళ్ళు లేచిపోయాయి. లిఫ్టులు పాడైతే బాగుచేసే దిక్కు ఉండేది కాదు. 2007 నాటికి మొత్తం కూల్చేశారు. 35వ వీధికి దక్షిణాన మీకు కనబడే ఖాళీ పచ్చిక ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఇది చెప్పండి.

"వాళ్ళ రాజకీయాలే ముంచేశాయి" అంటే ఎవరి రాజకీయాలు? షికాగో 1837లో సిటీ అయింది. మొదటి నల్లజాతి మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్ 1983లో వచ్చాడు. ఆ ఎన్నిక గురించి మా షాపులో ముసలివాళ్ళు మాట్లాడుకుంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. చర్చిల్లో, సంక్షేమ ఆఫీసుల ముందు బల్లలేసుకుని లక్షమందికి పైగా కొత్త ఓటర్లని చేర్పించారు. ఆయన గెలిచాడు, కానీ కౌన్సిల్లో 50 మందిలో 29 మంది ఒక కూటమి కట్టి మూడేళ్ళు ఆయన ప్రతిపాదించిన నియామకాలనీ బిల్లులనీ అడ్డుకున్నారు. 1986లో కోర్టు ఆదేశంతో ఏడు వార్డుల్లో మళ్ళీ ఎన్నికలు జరిగి, బలం 25-25 అయ్యాకే ఆయనకి ఊపిరాడింది. 1987 నవంబర్లో ఆఫీసులోనే గుండెపోటుతో చనిపోయాడు. దీనికి ముందూ వెనకా డేలీ తండ్రీకొడుకులు కలిపి 40 ఏళ్ళకు పైగా మేయర్లుగా ఉన్నారు. 2008లో ఊరి పార్కింగ్ మీటర్లన్నీ 75 ఏళ్ళకి 115 కోట్ల డాలర్లకి ప్రైవేటువాళ్ళకి రాసిచ్చేశారు, కౌన్సిల్‌కి చదవడానికి రెండు మూడు రోజులే ఇచ్చారు, పెట్టుబడిదారులకి ఆ సొమ్ము ఎప్పుడో తిరిగి వచ్చేసింది. 2013లో ఒకేసారి దాదాపు 50 బడులు మూసేశారు, అందులో పిల్లలు అత్యధికంగా నల్లజాతివాళ్ళే. బడి పోతే పిల్లలున్న కుటుంబం ఎందుకుంటుంది? 1980లో 12 లక్షలకు దగ్గరగా ఉన్న నల్లజాతి జనాభా 2020 నాటికి 8 లక్షల లోపుకి పడిపోయింది. ఈ నిర్ణయాలు తీసుకున్న మేయర్లు నల్లజాతివాళ్ళు కాదు.

అలాగని నల్లజాతి నాయకులందరూ మంచివాళ్ళనీ, అందరూ ఒకటే మాట మీదుంటారనీ నేను అనను. 2019లో లోరీ లైట్‌ఫుట్ ఆ ఊరికి మొదటి నల్లజాతి మహిళా మేయర్ అయింది, 2023లో ఓడిపోయింది, ఆ ఎన్నికలో గెలిచిన బ్రాండన్ జాన్సన్ కూడా నల్లజాతివాడే. మా షాపులో ఇద్దరినీ తిట్టేవాళ్ళున్నారు, మెచ్చుకునేవాళ్ళున్నారు. డౌన్‌టౌన్‌లో టీనేజ్ పిల్లలు వందలకొద్దీ పోగై అల్లరి చేస్తున్నారని 2025 జూన్‌లో కౌన్సిల్ అప్పటికప్పుడు కర్ఫ్యూ పెట్టే అధికారం పోలీసులకి ఇస్తూ తీర్మానం చేస్తే, మేయర్ జాన్సన్ వీటో చేశాడు. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ టీచరమ్మ మేయర్ మీద మండిపడింది, పిల్లల్ని ఇళ్ళల్లో కట్టడి చెయ్యాల్సిందే అంటుంది. ఆవిడ తమ్ముడు 1990ల రోజులు గుర్తుచేస్తాడు: గ్యాంగ్ వాళ్ళనుకున్నవాళ్ళు వీధిలో ఊరికే నిలబడి, పోలీసులు పొమ్మన్నా కదలకపోతే నేరం అంటూ 1992లో సిటీ చట్టం తెస్తే 42 వేలకు పైగా అరెస్టులు జరిగాయి, 1999లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇద్దరి మాటా నాకు అర్థమవుతుంది. నా అభిప్రాయం అడిగితే, కొట్టుకునే పిల్లల్ని వదిలెయ్యకూడదు, కానీ బడులు మూసి, సాయంత్రం వెళ్ళడానికి చోటు లేకుండా చేసి, డౌన్‌టౌన్‌కి వచ్చారని పిల్లల మీద విరుచుకుపడటం నాకు అన్యాయంగానే తోస్తుంది.

2020 సంగతి చెప్పకపోతే నేను నిజం దాచినట్టవుతుంది. జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని మినియాపొలిస్‌లో పోలీసులు చంపిన ఆ వారం, మే 30 శనివారం డౌన్‌టౌన్‌ని కాపాడటానికి సిటీ నది మీద వంతెనలు పైకెత్తింది. మర్నాడు ఆదివారం దోపిడీలు మా వైపు మళ్ళాయి. మా షాపు అద్దాలు పగలగొట్టి, అరలన్నీ ఖాళీ చేశారు. నాకు విపరీతమైన కోపం వచ్చింది, ఏడ్చాను. చేసినవాళ్ళని నేను ఈ రోజుకీ సమర్థించను. సోమవారం పొద్దున్న ఆరున్నరకి వెళ్ళేసరికి షాపు ముందు పదిహేను మంది చీపుళ్ళూ, చెత్త సంచులూ పట్టుకుని నిలబడి ఉన్నారు, ఎవరూ పిలవలేదు. అందులో సగంమంది అరవై దాటినవాళ్ళు. ఒకాయన గాజు ముక్కలు ఏరుతూ "డాక్, నా ఇన్సులిన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ షాపు" అన్నాడు. సౌత్ సైడ్‌లో మందులషాపులు చాలా చోట్ల మూతపడి రోజుల తరబడి ముసలివాళ్ళు మందుల్లేక అల్లాడారు. నష్టపోయిందీ వాళ్ళే, ఊడ్చిందీ వాళ్ళే. అయినా టీవీలో మీరు చూసింది అద్దాలు పగలగొట్టినవాళ్ళనే.

జాగ్రత్తలు. ఇది మీ అమ్మగారి కోసం. షికాగోలో హత్యలు 2021లో 800 దాకా వెళ్ళాయి, 2024కి 600 లోపుకి దిగాయి. చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి కుర్రాళ్ళే, విద్యార్థులు కాదు. మీకు ఎదురయ్యేది ఎక్కువగా ఫోన్ లాక్కోవడం. ట్రైన్ తలుపు పక్క సీట్లో ఫోన్ చూస్తూ కూర్చోకండి. రాత్రి పదింటి తర్వాత డ్రైవర్ ఉండే మొదటి పెట్టె ఎక్కండి. 2020 తర్వాత రెడ్ లైన్‌లో సిగరెట్లు, గంజాయి తాగడం పెరిగిన మాట నిజం, ఎవరైనా తాగుతుంటే వాదన పెట్టుకోకుండా తర్వాత స్టేషన్లో పెట్టె మారండి. తమలో తాము మాట్లాడుకుంటూ తిరిగేవాళ్ళలో చాలామంది ఇల్లూ వైద్యమూ లేనివాళ్ళు, వాళ్ళని తేరిపార చూడకండి. అర్ధరాత్రి క్యాంపస్ బయట ఒంటరిగా నడవకండి. ఈ జాగ్రత్తలన్నీ మా షాపులో నల్లజాతి అమ్మలు వాళ్ళ పిల్లలకి చెప్పుకునేవే.

ఆ గ్రూపులో వాడే మాట గురించి కూడా. "నల్లోళ్ళు", "కాలూ" అని వాళ్ళ ముందే తెలుగులో అనుకుంటారు మనవాళ్ళు, అర్థం కాదని. అర్థమవుతుంది. పంతొమ్మిదేళ్ళలో నన్ను ముగ్గురు అడిగారు ఆ మాటకి అర్థమేమిటని, నేను తల దించుకున్నాను. మనం ఇక్కడికి వేలల్లో రాగలిగింది 1965 ఇమిగ్రేషన్ చట్టం వల్ల, దేశాల వారీ కోటాలు ఎత్తేసింది అదే. పౌరహక్కుల చట్టం 1964, ఓటుహక్కు చట్టం 1965, దాని వెనకే ఇది. 1923లో ఇదే దేశపు సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయుడు తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వం రాదని తీర్పిచ్చింది. ఆ రోజుల నుంచి ఈ రోజులకి తలుపు తెరిచినవాళ్ళలో దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళినవాళ్ళు ఎక్కువమంది వీళ్ళే. ఆ పదం మీ నోట రాకుండా చూసుకోండి, పక్కవాళ్ళు అంటే ఆపండి, గ్రూపులో కొత్తగా చేరారు కదా అని మొహమాటపడకండి.

మీరు ఆగస్టు మొదట్లో దిగితే ఒక పని చేయండి. ఆగస్టు రెండో శనివారం పొద్దున్న కింగ్ డ్రైవ్ మీద, 39వ వీధి దగ్గర నుంచి వాషింగ్టన్ పార్కు దాకా బడ్ బిల్లికెన్ పరేడ్ జరుగుతుంది. 1929లో ఆ డిఫెండర్ పత్రికే, పిల్లలకి ఒక పండగలా ఉండాలని మొదలుపెట్టింది. బ్యాండ్లు, డ్రిల్ టీములు, మెరిసే బట్టల్లో చిన్నపిల్లలు, పచ్చిక మీద తెల్లవారుజామునే కుర్చీలు వేసుకుని పొయ్యి వెలిగించే కుటుంబాలు. మీ క్యాంపస్ నుంచి నడిచే వెళ్ళొచ్చు. తొమ్మిదింటికల్లా వెళ్ళండి, నీళ్ళ సీసా, టోపీ పట్టుకెళ్ళండి, ఎండ గట్టిగానే ఉంటుంది. పక్కన కుర్చీ వేసుకున్న పెద్దావిడకి ముందు గుడ్ మార్నింగ్ మేమ్ అని చెప్పి అప్పుడు నిలబడండి. మీ అమ్మగారికి అక్కడి నుంచే వీడియో కాల్ చేయండి.